గడప మీది మాట

కిందటి వారం మనం సోమక్కనూ, ఆమె కోడలు రాధనూ మానుకోట బస్టాండులో గూడూరు బస్సు ఎక్కుతుండగా వదిలిపెట్టాం. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదన్నప్పటి నుంచి ఈ అత్తాకోడళ్లు ఆదివారం వచ్చిందంటే చాలు, జనగామలో ఏదో ఒక బస్సెక్కి, పేరు వినడమే తప్ప ఎన్నడూ చూడని చిన్న ఊరేదో చూసి వస్తున్నారు. నర్మెట్ట అయింది, కొడకండ్ల అయింది, తొర్రూరు అయింది. "గాడ ఏమున్నదని పోతున్నరమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగితే, "ఏమున్నదో సూద్దామనే" అని నవ్వేది సోమక్క. ఆమె మొగుడు రాములు కూడా ఎన్నడూ వద్దనలేదు. అత్త నవ్వు వెనక ఒక మనిషి ఉన్నదని రాధకు ఈ పొద్దునే తెలిసింది. సోమక్కకు ఒక అక్క. పేరు యాకమ్మ. ముప్పై ఏళ్ల కింద, బస్టాండు పక్కన మోటార్ల షాపులో పనిచేసే దస్రు అనే తండా పిల్లగాడి వెంట వెళ్లిపోయింది. ఆ దస్రుది గూడూరు దిక్కు అన్న ఒక్క ముక్క తప్ప సోమక్కకు మరేమీ తెలియదు. తెలిసిన ఆ ఒక్క ఊరినీ ఇన్ని ఆదివారాలు దాటవేస్తూ వచ్చి, ఇవాళ చివరికి బస్సెక్కింది.

బస్సు మానుకోట పొలిమేర దాటింది. కిటికీ బయట పత్తి చేన్లు తెల్లగా పగిలి ఉన్నాయి. ఏరే ఆడవాళ్లు నడుములకు కట్టుకున్న సంచులతో వంగి వంగి నడుస్తున్నారు. సోమక్క చూపు చేన్ల మీద ఉందే గానీ మనసు అక్కడ లేదు.

"అత్తమ్మా, ఇన్ని ఊర్లు తిరిగినం. ఒక్క ఊర్ల గూడ ఎవరిని అడగలేదేంది నువ్వు?" అంది రాధ.

"అడిగితె లేదంటరని."

"అట్లంటే?"

"అడగకపోతె ఉన్నట్టే గదా బిడ్డా" అంది సోమక్క, కిటికీలోంచి తల తిప్పకుండానే.

సోమక్కే కాసేపటికి తనంతట తాను చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల బాపు ఉప్పలయ్య జనగామ బస్టాండులో గంప పెట్టుకుని పల్లికాయలు అమ్మేవాడు. బడి లేని పూట అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఆ గంప పక్కనే కూర్చునేవారు. యాకమ్మ ఏడో తరగతి దాకా చదివింది. వచ్చే బస్సు, పోయే బస్సు, అన్నిటి బోర్డులూ చదివేది. చదివి ఊరుకోదు, ఆ ఊరు ఎలా ఉంటుందో తాను చూసొచ్చినట్టే చెప్పేది. కొడకండ్లలో పుట్టిన ప్రతి మనిషికీ పెద్ద పెద్ద కండ్లుంటాయట. నర్మెట్టలో ఒక్కో ఇంటికి నూరు మెట్లెక్కాలట. పెండ్లిళ్లయినంక మొగుళ్లనూ పిల్లలనూ ఇంటి కాడ పెట్టి, ఇద్దరమే అన్ని బస్సులూ ఎక్కి అన్ని ఊళ్లూ చూసి రావాలని చేతిలో చెయ్యి వేసుకున్నారు.

"మొన్న కొడకండ్ల పోయినం సూడు. గాడ అందరి కండ్ల దిక్కే సూసిన."

"ఎట్లున్నయి?"

"అందరి లెక్కనే ఉన్నయి" అని సోమక్క నవ్వబోయి ఆగిపోయింది. ఆ సంగతి చెప్పుకొని పడి పడి నవ్వాల్సిన మనిషి పక్కన లేదు. కోడలు మంచిదే. కానీ ఆ నవ్వు కోడలితో నవ్వేది కాదు.

గూడూరు వచ్చింది. అంగడి రోజు కాదు కనుక ఊరు నింపాదిగా ఉంది. రోడ్డుకు రెండు వైపులా ఎరువుల దుకాణాలు, బట్టల షాపులు. పత్తి బస్తాలు ఎత్తుగా కట్టిన ట్రాక్టరు ఒకటి కొమ్మలు తాకించుకుంటూ పోయింది. అద్దాల రవికె తొడుక్కున్న ముసలమ్మ ఒకతె మెట్టు మీద కూర్చుని ఎండ కాచుకుంటోంది. ఏ ఊళ్లో దిగినా ఈ అత్తాకోడళ్లకు ఒక వాడుక ఉంది. ముందు ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడుస్తారు, తరువాత చాయ్ తాగుతారు. ఇవాళ సోమక్క నడవలేదు. దిగిన చోటే చాయ్ హోటల్ బల్ల మీద కూలబడింది.

చాయ్ పోసే ఆమె పేరు సాలమ్మ. వచ్చిన వాళ్లందరితో చుట్టరికం కలిపే మనిషి. రాధ గ్లాసు అందుకుంటూ అడిగింది.

"అక్కా, ఈడ దస్రు అని ఒకాయన ఉండాలె. ఎరికేనా?"

"ఏ దస్రు బిడ్డా? గీ రోడ్డు మీద నిలవడి దస్రూ అని ఒర్లితె పది మంది తిరిగి సూస్తరు."

రాధ అత్త వైపు చూసింది. సోమక్క చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఇంట్లో గానీ వాడలో గానీ నోటి నుంచి జారకుండా కాచుకున్న మాట అది.

"జనగామ పిల్లను చేసుకున్న దస్రు" అంది.

"అట్ల చెప్పుండ్రి మరి! పంపుల దస్రన్న. మా యాకమ్మ వదిన పెనిమిటి." సాలమ్మ మొహం వెలిగింది. "గా సందు మూలకు మందు పంపులు బాగు చేస్తడు. వదిన ఉన్నప్పుడైతె ఇద్దరు గిదే బల్ల మీద కూసొని చాయ్ తాగేటోళ్లు. ఇప్పుడు పాపం ఒక్కడే వస్తడు."

అక్క పేరు ముక్కూ మొహం తెలియని మనిషి నోట అంత చనువుగా వినపడే సరికి సోమక్క బల్ల మీంచి సగం లేచింది. ఆ వెంటనే 'ఉన్నప్పుడు' అన్న మాట గుండెలో ముల్లులా దిగింది. ఉన్నప్పుడంటే? ఇప్పుడు లేదనా? రాధ కూడా ఆ మాట విన్నది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచి సందు వైపు నడిచారు.

రేకుల షెడ్డు ముందు వీపుకు తగిలించుకుని పురుగుమందు కొట్టే పంపులు పదీ పన్నెండు వరసగా పెట్టి ఉన్నాయి. లోపల ముక్కాలి పీట మీద ఒకాయన కూర్చుని, పంపు విప్పి గొట్టంలోకి ఊదుతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. సోమక్కకు గుర్తున్న దస్రు నల్లటి ఉంగరాల జుట్టు పిల్లగాడు. గుమ్మంలో నీడ పడేసరికి ఆయన తలెత్తకుండానే "ఏం ఖరాబైంది?" అన్నాడు.

జవాబు రాకపోయేసరికి తలెత్తాడు. సోమక్కను చూశాడు. చాలాసేపు చూశాడు. చేతిలోని గొట్టం నెమ్మదిగా కింద పెట్టాడు.

"ముక్కు మీ అక్కదే" అన్నాడు. ఆ పైన గొంతు మారింది. "ఎందుకొచ్చినవ్?"

"బావా..." అంది సోమక్క. ఆయన్ను ఆ పిలుపు పిలవడం అదే మొదలు.

"బావనా? ముప్పై ఏండ్లకు యాదికొచ్చిన్నా బావను?"

"అక్క ఉన్నదా బావా? అది చెప్పు ముందుగాల."

"ఉన్నది. నిమ్మలంగ ఉన్నది. నీకు మాత్రం లేదు."

సోమక్క షెడ్డు గుంజను పట్టుకుంది. ఉన్నది అన్న మాట ఒక్కటే విన్నది ఆమె. తరువాతి మాట చెవికెక్కడానికి సమయం పట్టింది. రాధ ముందుకొచ్చింది.

"మామా, గట్ల మాట్లాడకుండ్రి. నేను ఆమె కోడలిని. మీ కోసమే ఊరూరు తిరుగుతున్నది మా అత్తమ్మ."

"ఇప్పుడు తిరుగుతున్నదా?" దస్రు రాధను కాదు, సోమక్కనే చూస్తున్నాడు. "మేము గూడ తిరిగినం బిడ్డా. ఆమె గడప దాక వచ్చినం. చెప్పలేదా మీ అత్తమ్మ?"

రాధ వెనక్కి తిరిగి చూసింది. సోమక్క నేల చూపులు చూస్తోంది.

"ఉప్పలయ్య మామ సచ్చిన సంగతి మాకు నాలుగొద్దులకు తెలిసింది" అన్నాడు దస్రు. "దినాల పొద్దుకన్న అందుకుందామని, నాలుగేండ్ల పిల్లను సంకనేసుకొని మూడు బస్సులు మారి వచ్చినం. మీ అక్క తొవ్వ పొడుగూత ఏడ్చుకుంటనే ఉన్నది. మీ గల్లీ మొగలకొచ్చినంక కొంగుతోటి మొకం తుడుసుకున్నది. సెల్లె సూస్తె పరేషానైతది అన్నది. గడప కాడ నిలవడ్డం. నీ పెనిమిటి బయటికొచ్చిండు. జర ఆగుండ్రని లోపటికి పోయిండు. మల్ల వచ్చి ఒక మాట చెప్పిండు. ఆ మాట నీకు ఎరికే గదా?"

"ఎరుక లేదు. చెప్పు బావా."

"'మా బాపు నీ రందితోటే సచ్చిండు. నీ నీడ గూడ మా గడప మీద పడొద్దు. సోమక్క గిదే చెప్పమన్నది.' గింతే అన్నడు. తలుపు దగ్గరికేసిండు. పిల్ల దూపైతుంది, నీళ్లు కావాలని ఏడ్చింది. మీ అక్క ఆ ఎండల, ఆ మూసిన తలుపు ముందట ఎంతసేపు నిలవడ్డదో నాకెరుక. ఆ పొద్దు సంది జనగామ బోర్డు పెట్టుకొని బస్సు పోతున్నదంటె మొకం మర్లేసుకుంటది."

"అబద్ధం!" రాధకు ఆవేశం ఆగలేదు. "మా అత్తమ్మ ఎవరినీ గట్ల అనే మనిషి గాదు. ఆ మాట ఆమెది గాదు. అంటే గింటే మా మామనే..."

అని నోరు మూసుకుంది. మామ రాములు గొంతెత్తి మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. ట్రాక్టరు తోలి తోలి మోకాళ్లు అరిగిన మనిషి. తనకు జ్వరమొస్తే రాత్రంతా పక్క గదిలో మేలుకున్న మనిషి. ఆయన అలాంటి మాట అంటాడా?

దస్రు మొహంలో ఏదో కదిలింది. కోడలి మాటకు సోమక్క తల ఊపితే చాలు. ఆ తప్పంతా ఇక్కడ లేని మనిషి నెత్తిన పడిపోతుంది, తాను చేతులు కడిగేసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. తల ఊపుదామనే అనిపించింది కూడా. ఇంత దూరం వచ్చింది, అక్క బతికే ఉంది, ఇంకొక్క అడుగు. ఆ అడుగు మాత్రం అబద్ధం మీద వేయబుద్ధి కాలేదు.

"నువ్వు ఆగు రాధా" అంది. "ఆ మాట నేను అనలే బావా. మా బాపు మీద ఒట్టు. కని నేను గాడనే ఉన్న. తలుపెనక. అక్క గొంతు విన్న. ఆయన లోపటికొచ్చి, మీ అక్కొచ్చింది ఏం జెయ్యాలె అని నన్నే అడిగిండు. కులపోళ్లందరు బంతిల కూసున్నరు. ఆమె గడప లోపటికొస్తె ఇస్తార్ల ముందర నుంచి లేసి పోతమని పొద్దుగాలనే చెప్పి పెట్టిండ్రు. నేను రమ్మనలే, వద్దనలే. నెత్తి వంచుకొని నిలవడ్డ. ఆయన జరసేపు నా మొకం సూసి బయటికి పోయిండు."

సోమక్క షెడ్డు గుంజను వదిలి ముందుకొచ్చింది. మాట ఆపలేదు.

"బయట ఆమెకు ఏం చెప్పినవని అడగలే. ఆ పొద్దు అడగలే, ఇయ్యాల్టి దాక అడగలే. ఇరవై రెండేండ్లాయె. అడిగితె ఏం చెప్తడోనని భయం. నా ఊకుండుడే ఆయన మాటయిందేమో బావా. నాకు తెల్వది."

రాధ కళ్లప్పగించి అత్తను చూస్తోంది. దస్రు విప్పిన పంపును మళ్లీ బిగించాడు. నీళ్లు పోసి నాలుగు సార్లు కొట్టాడు. సన్నటి తుంపర షెడ్డు బయట ఎండలో పడింది. ఆ పంపును తీసి వరసలో పెట్టి, చేతులు తుడుచుకుని, చొక్కా జేబులోంచి ఫోను తీశాడు.

"భూపాలపల్లిల ఉన్నది" అన్నాడు. "మా బిడ్డ రాణి గాడ దవాఖానల నర్సు. కాన్పయి మూడు నెలలైంది. మనుమరాలిని సూసుకునేటందుకు పోయింది."

ఫోను మోగింది. ఆయన దాన్ని స్పీకరులో పెట్టి సోమక్క చేతిలో ఉంచాడు.

"ఏందయ్యా, గీ యాళకు చేసినవ్? తిన్నవా?"

అక్క గొంతు వయసుతో బరువెక్కింది. కానీ మాట చివర సాగదీయడం అదే. సోమక్క ముప్పై ఏళ్లుగా ఆ గొంతుతో మనసులో మాట్లాడుతూనే ఉంది. చెప్పాలనుకున్నవన్నీ వరస పెట్టుకుని ఉంది. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

"అక్కా" అంది.

అవతల పసిపిల్ల మూలుగు, ఎక్కడో గిన్నెలో నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఎవలు?" అంది యాకమ్మ, తెలిసి కూడా.

"నేనే. సోమిని."

అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"యాడున్నవ్?"

"గూడూర్ల. బావ షాపు కాడ. బస్సెక్కి వచ్చిన."

"ఇంకేం ఊర్లు సూసినవ్?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో సోమక్కకు అర్థమైంది. బడిలో పంతులు ముందు నిలబడ్డ పిల్లలా గబగబా చెప్పింది. "నర్మెట్ట పోయిన. కొడకండ్ల పోయిన. తొర్రూరు, మానుకోట..."

"నన్నిడిసి పెట్టి అన్ని సూసినవ్ పో."

"పోయి వచ్చిన గని సూడలే అక్కా. ఏ ఊర్ల దిగినా నువ్వున్నవేమోనని మొకాలు సూసుకుంటనే పొద్దు గుంకింది."

యాకమ్మ ఊపిరి బరువుగా వినపడింది. అప్పుడు దస్రు ఫోను మీదికి వంగి లంబాడీ మాటల్లో గడగడా ఏదో చెప్పాడు. సోమక్క ఇందాక చెప్పిందంతా చెబుతున్నాడని తెలుస్తోంది. యాకమ్మ కూడా అవే మాటల్లో అడ్డు ప్రశ్నలు వేసింది, తడుముకోకుండా, తండాలో పుట్టి పెరిగినదానిలా. సోమక్క ఫోను పట్టుకుని వింటూ నిలబడింది. తన అక్క మాట్లాడుతోంది, తనకు ఒక్క ముక్క తెలియడం లేదు. ముప్పై ఏళ్లంటే ఎంతో ఆమెకు అప్పుడు తెలిసింది.

"సోమీ." యాకమ్మ మళ్లీ తెలుగులోకి వచ్చింది. "ఆ పొద్దు తలుపెనక నీ గాజుల సప్పుడు నేను విన్న. నువ్వున్నవని ఎరికే. అందుకే ఆ మాట నీదే అనుకున్న. ఇప్పుడు కాదంటున్నవ్. నమ్మాలనే ఉన్నది. కని ఇన్నేండ్లు మోసినంక ఫోన్ల చెప్తె దిగదే అది."

"నేనొస్త అక్కా. ఇప్పుడే వస్త. నర్సంపేట బస్సెక్కి మారుకుంట వస్త."

"రా. కని ఒక్కదానివి రాకు. ఆ మాట మోసుకొచ్చిన మనిషిని తోల్కరా. అది నీ మాటనా, ఆయన మాటనా, నా ముందట నిలవడి ఆయన నోటితోటి చెప్పాలె. అప్పటి దాక నా గడప గూడ..." పసిపిల్ల గట్టిగా ఏడ్చింది. "పాప లేసింది. పెడుతున్న" అంది యాకమ్మ. ఫోను ఆగిపోయింది.

దస్రు వాళ్లతో పాటు రోడ్డు దాకా వచ్చాడు. సాలమ్మ హోటల్ ముందు ఆగి, "వీళ్లకు ఏమన్న తినబెట్టు, జనగామ పోవాలె" అని చెప్పి వెనక్కి తిరిగాడు. ఇద్దరికీ తినబుద్ధి కాలేదు.

నర్సంపేట బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "నర్సంపేట, నర్సంపేట" అని పిలుస్తున్నాడు. అది ఎక్కితే పొద్దు గూకే లోపు భూపాలపల్లి. సోమక్క కాలు దానంతట అది రెండడుగులు వేసింది.

"పోదామా అత్తమ్మా?" రాధ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏమైతే అదైతది, పోదాం పా. సూస్తె పెద్దమ్మ మనసు మారదా?"

సోమక్క బస్సు తలుపు వైపు చూసింది. లోపల ఖాళీ సీట్లు కనపడుతున్నాయి. కండక్టరు ఇంకొక్కసారి పిలిచి, రైట్ అన్నాడు. బస్సు కదిలి మలుపు తిరిగే దాకా ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

"అక్క నోరు తెరిసి అడిగింది ఒక్కటే బిడ్డా" అంది చివరికి. "అది గూడ చెయ్యకుంట ఏ మొకంతోటి పోవాలె?"

"మామ వస్తడా మరి?"

సోమక్క చేతి సంచిలోంచి ఫోను తీసి రాములుకు కలిపింది. మానుకోట చూసి వస్తామని మాత్రమే పొద్దున ఆయనతో చెప్పి వచ్చారు. గూడూరు పేరు ఎత్తలేదు.

"ఆ, చెప్పు. బస్సెక్కిండ్రా?" అన్నాడు రాములు, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"రేపు పనికి పోకు. పొద్దుగాల మనమిద్దరం భూపాలపల్లి పోవాలె."

భూపాలపల్లిలో మనకు ఎవరున్నారని అడుగుతాడని ఆమె ఎదురుచూసింది. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో మనసులో కూడదీసుకుంది. ఆయన అడగలేదు. అవతల మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. పడుకున్న మనిషి లేచి కూర్చున్నట్టు.

"ఇంటున్నవా?" అంది సోమక్క.

"ఇంటున్న." రాములు గొంతు సవరించుకున్నాడు. "పోదాం. ఎవరినీ అడిగే పని లేదు. యాకమ్మ బిడ్డ ఇల్లు నాకెరికే."